కుటుంబ ఫోటోలో లేని మనిషిని నిలబెట్టడం: పర్‌స్పెక్టివ్ తప్పకుండా ఫోటోలు కలిపే పద్ధతి

ఫోటోలు కలిపే పనిలో నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కోరిక ఒకటే. పెళ్లి జరిగింది, అందరూ నిలబడి గ్రూప్ ఫోటో తీయించుకున్నారు, అందులో ఒక మనిషి లేడు. సెలవు దొరకక డాలస్‌లో ఉండిపోయిన కొడుకు కావచ్చు, పెళ్లి చూడకుండానే పోయిన తండ్రి కావచ్చు. "మా చిన్నవాడిని కూడా మా పక్కన నిలబెట్టి ఇవ్వు బాబూ" అని ఒక తల్లి తన ఫోనులో ఉన్న ఫోటో చూపిస్తుంది.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక కుటుంబానికి అలాగే చేసి ఇచ్చాను. అంచులు శుభ్రంగా కత్తిరించాను, రంగు కలిపాను, వెలుగు సరిచేశాను. తెర మీద ఎంత పెద్దది చేసి చూసినా అతుకు కనిపించలేదు. ఆ ఇంటి నాయనమ్మ ఫోటో చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసి, "వీడు గోతిలో నిలబడ్డట్టున్నాడేమిటి?" అని అడిగింది. ఆమె మాట నిజం. గ్రూప్ ఫోటో ఇరవై అడుగుల దూరం నుంచి తీసింది. అబ్బాయి ఫోటో రెండు మీటర్ల దూరం నుంచి, ఫోను కిందికి వంచి తీసింది. తలలు ఒకే వరుసలో ఉన్నా, అతని బూట్ల పైభాగమంతా మనకు కనిపిస్తోంది, పక్కవాళ్ల బూట్ల ముందుభాగమే కనిపిస్తోంది. చూసే చోటును బట్టి మనుషుల, వస్తువుల పరిమాణం, ఆకారం మారి కనిపించే తీరును పర్‌స్పెక్టివ్ అంటారు. నాయనమ్మకు ఆ మాట తెలియదు. కానీ నేల మీద మనుషులు ఎలా నిలబడతారో ఆమె కన్ను పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి నేను పని చేసే పద్ధతి మారింది. రెండు ఫోటోలు కలపడమంటే రెండు కెమెరాలను ఒకే చోట నిలబెట్టడం. ముందు ఆ కెమెరాలు ఎక్కడ నిలబడ్డాయో కనుక్కోవాలి. కత్తిరింపు, రంగు, వెలుగు అన్నీ దాని తర్వాతే.

ముందు తెలియాల్సిన రెండు సంగతులు

మొదటిది కెమెరా ఎత్తు. విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో నిలబడి సముద్రం చివరి గీతను చూడండి. అది సరిగ్గా మీ కంటి ఎత్తులో ఉంటుంది. ఇసుకలో కూర్చుంటే ఆ గీత కూడా మీతోపాటు దిగుతుంది. కైలాసగిరి ఎక్కితే మీతోపాటు ఎక్కుతుంది. కెమెరాకూ అంతే. ఫోటోలో ఆ గీత ఎక్కడ ఉందో, లోకంలో కెమెరా ఎత్తు అక్కడ ఉంది. కెమెరాను 150 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుంటే, సమతలమైన నేల మీద దగ్గర ఉన్నవాడినైనా దూరాన ఉన్నవాడినైనా ఆ గీత నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గరే కోస్తుంది. తాపీ మేస్త్రీ మట్టం లాగా దీన్ని కంటి మట్టం అందాం. సముద్రం కనిపించకపోయినా, గోడలు అడ్డం ఉన్నా, ఈ గీత ప్రతి ఫోటోలోనూ ఉంటుంది.

రెండోది కెమెరా దూరం. చాలామంది లెన్స్ వల్ల పర్‌స్పెక్టివ్ మారుతుందని అనుకుంటారు. మారేది దూరం వల్ల. వైడ్ లెన్స్ పెడితే మనం దగ్గరికి వెళ్తాం, జూమ్ లెన్స్ పెడితే వెనక్కి జరుగుతాం, తేడా అక్కడ వస్తుంది. ముక్కు కొసకూ చెవికీ మధ్య లోతు 12 సెంటీమీటర్లు అనుకోండి. చెయ్యి చాచి 60 సెంటీమీటర్ల నుంచి సెల్ఫీ తీస్తే, చెవితో పోల్చినప్పుడు ముక్కు 20 శాతం పెద్దగా పడుతుంది. అదే ముఖాన్ని 22 అడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా రెండు శాతం కూడా ఉండదు. ఈ రెండు ముఖాలను పక్కపక్కన పెడితే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటి కాలేవు. సెల్ఫీ ఇచ్చి గ్రూప్ ఫోటోలో కలపమంటే నేను వేరే ఫోటో అడుగుతాను. నొప్పించినా ఆ మాట ముందే చెప్పడం మంచిది.

పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో ఫ్లారెన్స్‌లో బ్రూనెలెస్కీ అక్కడి బాప్టిస్టరీ భవనం బొమ్మ గీసి, పలకకు చిన్న రంధ్రం చేసి, వెనక నుంచి ఆ రంధ్రం గుండా అద్దంలో బొమ్మను చూపించాడు. చూసే కన్ను ఒక్కచోటే ఉండాలన్నది ఆ రంధ్రం ఉద్దేశం. మనం చేసే పనికి మూలం అదే. రెండు కళ్లతో చూసిన బొమ్మను ఒకే కంటితో చూసినట్టు చేయాలి.

మొదటి పని: అసలు ఫైళ్లు

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది. కెమెరా రాసిపెట్టిన ఎగ్జిఫ్ వివరాలు కూడా పోతాయి. మనకు కావలసిన లెన్స్ విలువ అందులోనే ఉంటుంది. అందుకే డాక్యుమెంటుగా పంపమనండి. కత్తిరించని ఫోటో కావాలని గట్టిగా చెప్పండి. కత్తిరిస్తే ఫోటో అసలు మధ్యభాగం ఎక్కడో తెలియదు, కింది లెక్కలన్నీ పక్కకు పోతాయి.

ఫైలు తెరిచాక మొదట లెన్స్ వంపు తీసేయండి. వైడ్ లెన్స్‌లో అంచుల దగ్గర గోడ గీతలు కొద్దిగా ఉబ్బుతాయి. ఫొటోషాప్‌లో 'కెమెరా రా' (Camera Raw) అనే భాగంలో లెన్స్ ప్రొఫైల్ ఆన్ చేస్తే చాలు. ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ డిస్టార్షన్ ఫిల్టర్‌తో చేతితో సరిచేయాలి. గీతలు తిన్నగా లేకపోతే తర్వాతి అడుగు తప్పుతుంది.

రెండో పని: కంటి మట్టపు గీత గీయడం

ఇక్కడ తొందరపడకండి. నేను మొత్తం పనికి పెట్టే సమయంలో పెద్ద భాగం ఇక్కడే పెడతాను.

ఫంక్షన్ హాలు ఫోటో అయితే నేల మీద టైల్స్ ఉంటాయి, అది మన అదృష్టం. కొత్త లేయర్ (ఫోటో మీద పరిచే పారదర్శకమైన పొర) తెరిచి, మన నుంచి దూరంగా పోయే టైల్ గీతల మీదుగా ఎర్రటి గీతలు పొడిగించండి. అవి ఫోటో దాటి బయటికి పోతే కాన్వాస్ సైజు, అంటే ఫోటో చుట్టూ ఉండే ఖాళీ చోటు, పెంచండి. నేల మీద సమాంతరంగా ఉన్న గీతలన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తాయి. దాన్ని వానిషింగ్ పాయింట్ అంటారు. రెండు గీతలతో సరిపెట్టుకోకుండా నాలుగైదు గీయండి. అవి ఒకే చోట కలవకపోతే చిన్న గుంపుగా చేరతాయి, ఆ గుంపు మధ్యను తీసుకోండి. ఆ బిందువు మీదుగా అడ్డంగా గీసిన గీతే కంటి మట్టం. కెమెరా పక్కకు వాలి ఉంటే ఆ వాలును ముందే సరిచేయాలి, లేకపోతే గీత కూడా వాలుగా గీయాలి.

టైల్స్ లేవు, పొలం గట్టున తీసిన ఫోటో అనుకోండి. అప్పుడు మనుషులే సాయం చేస్తారు. ఇంచుమించు ఒకే ఎత్తు ఉన్న ఇద్దరిని చూడండి, ఒకరు ముందు, ఒకరు వెనక. ఇద్దరి తలల మీదుగా ఒక గీత, ఇద్దరి పాదాల మీదుగా ఒక గీత పొడిగించండి. రెండూ కలిసే చోటు కంటి మట్టం మీదే ఉంటుంది. ఈ చిట్కా నన్ను చాలాసార్లు ఒడ్డున పడేసింది.

వస్తువులూ సాక్ష్యం చెబుతాయి. ప్లాస్టిక్ కుర్చీ కూర్చునే పలక పైభాగం కనిపిస్తోందంటే కెమెరా దానికంటే ఎత్తున ఉంది. బల్ల మీది గ్లాసు అంచు గుండ్రంగా తెరుచుకుని కనిపిస్తే అది కంటి మట్టానికి కింద ఉంది. బీరువా పైన పెట్టిన బిందె అడుగు కనిపిస్తే అది కంటి మట్టానికి పైన ఉంది. గుండ్రటి అంచు సన్నటి గీతలా కనిపించిన చోటే కంటి మట్టం. మీరు గీసిన గీతతో ఈ సాక్ష్యాలు కలవకపోతే మళ్లీ గీయండి.

ఇదే పని రెండో ఫోటోకూ చేయాలి. చాలామంది వెనక ఫోటోకు మాత్రమే చేసి ఆగిపోతారు. కలపబోయే మనిషి ఫోటోలోనూ కంటి మట్టం ఎక్కడ కోస్తుందో తెలియాలి.

మూడో పని: కెమెరా ఎత్తు, మనిషి ఎత్తు

ఇక్కడ చిన్న లెక్క ఉంది, చాలా సులువు. నిజమైన సంఖ్యలతో చూద్దాం. గ్రూప్ ఫోటో 6000 పిక్సెల్‌ల (ఫోటోలోని చుక్కల) వెడల్పు, 4000 పిక్సెల్‌ల ఎత్తు. కంటి మట్టం పై నుంచి 1700 దగ్గర పడింది. అందులో తండ్రి నిలబడి ఉన్నాడు. పాదాలు 3200 దగ్గర, తల పైభాగం 1520 దగ్గర ఉన్నాయి. ఆయన ఎత్తు 168 సెంటీమీటర్లని ఇంట్లోవాళ్లు చెప్పారు.

ఫోటోలో ఆయన ఎత్తు 1680 పిక్సెల్‌లు. అంటే ఆయన నిలబడిన చోట సెంటీమీటరుకు 10 పిక్సెల్‌లు. పాదాల నుంచి కంటి మట్టం వరకు 1500 పిక్సెల్‌లు, అంటే 150 సెంటీమీటర్లు. కెమెరా నేలకు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉందని తేలింది. ఒక్క మనిషి ఎత్తు తెలిస్తే కెమెరా ఎత్తు తెలిసిపోతుంది. మనిషి ఎత్తు తెలియకపోతే తలుపు ఎత్తు ఏడడుగులనుకుని ప్రయత్నించవచ్చు. గోడకు పెట్టిన తలుపు కంటే మనిషి కొలతే నమ్మకమైనది.

ఇప్పుడు ఫోటోలో లేని చిన్న కొడుకు (ఇకపై తమ్ముడు అందాం) వెనక వరుసలో నిలబడాలి. టైల్ గీతలు చూసి అతని పాదాలు 3000 దగ్గర పెట్టాలని నిర్ణయించాం. కంటి మట్టానికి దూరం 1300 పిక్సెల్‌లు. దాన్ని 150తో భాగిస్తే అక్కడ సెంటీమీటరుకు 8.67 పిక్సెల్‌లు. అతని ఎత్తు 174 సెంటీమీటర్లయితే ఫోటోలో 1508 పిక్సెల్‌లు రావాలి. తల పైభాగం 1492 దగ్గర పడుతుంది. చేత్తో లాగి, "ఇంతుంటే సరిపోతుంది" అని చూసుకునే పని పోయింది. అతని కాళ్లు ముందువాళ్ల చీరల వెనక దాక్కున్నా సరే, పాదాలు ఎక్కడో ముందు నిర్ణయించే తీరాలి. పాదాలు కనిపించవని వదిలేసిన మనిషే గాలిలో తేలుతాడు.

ఒక జాగ్రత్త ఉంది. ఈ లెక్క అందరూ ఒకే నేల మీద నిలబడితేనే పని చేస్తుంది. పెళ్లి వేదిక మూడడుగులు ఎత్తుంటే వేదిక మీదివాళ్ల పాదాల నుంచి కెమెరా ఎత్తు వేరు, కిందివాళ్ల పాదాల నుంచి వేరు. అరుగు మీద, మెట్ల మీద నిలబడినవాళ్లకూ అంతే. కెమెరా ఎక్కువగా పైకో కిందికో వంగి ఉన్నా ఈ లెక్క చెదురుతుంది. మనం తీసుకున్న ఫోటోలో కంటి మట్టం మధ్యభాగం 2000 కంటే 300 పిక్సెల్‌లు పైన ఉంది, అంటే కెమెరా సుమారు మూడు డిగ్రీలు కిందికి వంగింది. అంత వంపుకు భయం లేదు.

నాలుగో పని: కెమెరా దూరం

ఎగ్జిఫ్‌లో ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే సంఖ్య, చూడండి. 35 ఎంఎం ఫిల్ముకు సమానమైన విలువ అని విడిగా ఉంటే దాన్నే తీసుకోండి. మన ఫోటోలో అది 35. ఆ ఫిల్ము మీద పడే ఫోటో వెడల్పు 36 మిల్లీమీటర్లు, మన ఫోటోలో అదే 6000 పిక్సెల్‌లు కాబట్టి, 35ను 6000తో గుణించి 36తో భాగిస్తే 5833 వస్తుంది. దీన్ని సెంటీమీటరుకు ఉన్న పిక్సెల్‌లతో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో తెలుస్తుంది. తండ్రి దగ్గర 5833ను 10తో భాగిస్తే 583, అంటే సుమారు 19 అడుగులు. తమ్ముడు నిలబడే చోటికి 5833ను 8.67తో భాగిస్తే 673, అంటే 22 అడుగులు.

ఫోను ఫోటో నాలుగుకు మూడు పాళ్లలో ఉంటుంది కాబట్టి లెక్క కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. మనకు అంగుళాల లెక్క అక్కర్లేదు. 22 అడుగులు కావలసిన చోట 15 అయినా సర్దుకుంటుంది. ఆరడుగులైతే సర్దుకోదు. నేను సగం నుంచి రెట్టింపు వరకు ఒప్పుకుంటాను. అంతకు మించితే ఫోటో తిరిగి ఇచ్చేస్తాను.

నాయనమ్మ పట్టుకున్న తప్పుకు కారణం ఇక్కడ సంఖ్యల్లో కనిపిస్తుంది. 150 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న కెమెరా 22 అడుగుల దూరంలోని పాదాలను సుమారు 13 డిగ్రీల కిందికి చూస్తుంది. రెండు మీటర్ల దూరంలోని పాదాలను 37 డిగ్రీల కిందికి చూస్తుంది. అంత వాలుగా చూసిన బూట్లను తీసుకొచ్చి 13 డిగ్రీల నేల మీద పెడితే, బొటనవేళ్లు నేలలోకి దిగుతున్నట్టు ఉంటుంది. కెమెరా ఎత్తు ఒకటే అయినా సరిపోదు, దూరం కూడా కలవాలి.

ఐదో పని: కావలసినట్టు ఫోటో తీయించడం

మనిషి బతికి ఉండి, ఎక్కడో ఒకచోట ఫోటో దిగగలిగితే అంతకంటే మంచి మార్గం లేదు. ఉన్న ఫోటోను సాగదీయడానికి పెట్టే మూడు గంటలకంటే కొత్త ఫోటోకు పెట్టే పది నిమిషాలు మేలు. డాలస్‌లోని తమ్ముడికి నేను పంపే సూచనలు ఇవి.

మీకు మీరు తీసుకోకండి, స్నేహితుడిని తీయమనండి. ఫోను లెన్స్ నేలకు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, అంటే ఇంచుమించు ఐదడుగులు. గోడ మీద టేపుతో కొలిచి గుర్తు పెట్టుకోండి. మీకూ ఫోనుకూ మధ్య 22 అడుగుల దూరం ఉండాలి. అపార్ట్‌మెంటు గదిలో అంత చోటు ఉండదు, కాబట్టి బయట నీడపట్టున నిలబడండి. మీరు చిన్నగా కనిపిస్తే స్నేహితుడు రెండు రెట్ల జూమ్ వాడవచ్చు, దగ్గరికి మాత్రం రాకూడదు. ఫోనును పైకీ కిందికీ వంచకుండా నిటారుగా పట్టుకోవాలి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, అది జుట్టు అంచులు తినేస్తుంది. పాదాల నుంచి తల వరకు పూర్తిగా రావాలి. వెలుగు మీ ఎడమ వైపు నుంచి పడాలి. ఈ చివరి మాట మాత్రం ప్రతి గ్రూప్ ఫోటోకూ మారుతుంది. సూచనలు పంపే ముందు మీ దగ్గరున్న గ్రూప్ ఫోటోలోని ముక్కు నీడలు చూసి రాయండి.

మరొక్క సూచన చాలామంది మరిచిపోతారు. అతను ఫోటోలో ఏ చివర నిలబడతాడన్నది ముఖ్యం. మధ్యలో నిలబడితే కెమెరా అతన్ని ఎదురుగా చూస్తుంది. కుడి చివర, మధ్య నుంచి 2500 పిక్సెల్‌ల దూరాన నిలబడితే, ఈ లెన్స్ అతన్ని 23 డిగ్రీల పక్క నుంచి చూస్తుంది. అందుకని ఫోటో దిగేటప్పుడే భుజాలను తన ఎడమకు ఆ మేరకు తిప్పమని, ముఖం మాత్రం కెమెరా వైపు ఉంచమని చెప్పాలి. పైగా అంత చివర తలలు, భుజాలు ఎనిమిది, తొమ్మిది శాతం వెడల్పుగా సాగుతాయి. పక్కవాళ్లు సాగి ఉంటే ఇతన్నీ ఆ మేరకు వెడల్పు చేయాలి. సాధ్యమైతే కొత్త మనిషిని మధ్యకు దగ్గరగానే నిలబెట్టండి. ఈ చిక్కు మొత్తం తప్పిపోతుంది.

ఆరో పని: మనిషిని దించడం

ఫొటోషాప్‌లో కొత్త మనిషి లేయర్‌ను ముందుగా స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చండి. ఎన్నిసార్లు పెంచి తగ్గించినా నాణ్యత పోదు. బ్రౌజర్‌లో ఉచితంగా పనిచేసే ఫొటోపీలోనూ ఈ సదుపాయం ఉంది. అంచులను చెరిపేయకుండా మాస్క్‌తో దాచండి, తర్వాత మనసు మారవచ్చు.

తర్వాత రెండు గైడ్ గీతలు పెట్టండి, పాదాలకు 3000 దగ్గర, తలకు 1492 దగ్గర. మనిషిని ఆ రెండింటి మధ్యకు సమంగా కుదించండి. ఇప్పుడు అతని ఫోటోలో మీరు ముందే గుర్తించిన కంటి మట్టం, గ్రూప్ ఫోటో కంటి మట్టం మీద పడిందో లేదో చూడండి. సూచనల ప్రకారం తీయించి ఉంటే తప్పక పడుతుంది. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు ఆ మనిషి హాల్లోకి నడిచి వచ్చి నిలబడినట్టు అనిపిస్తుంది. ఎన్నేళ్లు చేసినా ఆ క్షణం నాకు ఆనందమే.

గీతలు కలవకపోతే చాలామంది చెయ్యి నేరుగా పర్‌స్పెక్టివ్ టూల్ మీదికి పోతుంది. పేరు చూసి మోసపోకండి. ఆ టూల్ పలకల కోసం: గోడ, బోర్డు, ఫోటో ఫ్రేము, పుస్తకం అట్ట. మనిషి పలక కాదు. మనిషిని ఆ టూల్‌తో వంచితే కాళ్లు సన్నబడి, తల పెద్దదవుతుంది, అంతే. ఎదురుగా కనిపించని బూటు పైభాగాన్ని అది చూపించలేదు, కనిపించినదాన్ని దాచలేదు. మనుషుల విషయంలో సమంగా పెంచడం, తగ్గించడం, కొద్దిగా తిప్పడం వరకే ఉంచండి. మిగతా తేడాను దాచడానికి వేరే దారి వెతకండి: అతన్ని వెనక వరుసలోకి పంపండి, కాళ్లకు ముందు ఒక కుర్చీయో పిల్లవాడో ఉండేట్టు చూడండి. తేడా ఎప్పుడూ పాదాల దగ్గరే పెద్దదిగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది.

పలకలకు వేరే పద్ధతి

పోయినవాళ్ల ఫోటో ఫ్రేమును పెళ్లి ఫోటోలోని గోడకు తగిలించమని కూడా అడుగుతారు. ఇది నిజంగా పర్‌స్పెక్టివ్ టూల్ చేసే పని. ఫొటోషాప్‌లో ఫిల్టర్ మెనూలోని వానిషింగ్ పాయింట్ తెరిచి, గోడ మీద ఉన్న కిటికీ నాలుగు మూలల మీద వల గీయండి. ఆ వలను గోడంతా సాగదీసి, ముందే కాపీ చేసిన ఫ్రేమును అందులో అతికిస్తే అది గోడ వాలును తనే పట్టుకుంటుంది. గింప్‌లో పర్‌స్పెక్టివ్ టూల్‌తో నాలుగు మూలలను ఒక్కొక్కటే జరపాలి. ఫ్రేము పై అంచూ కింది అంచూ పొడిగిస్తే గోడ గీతలు కలిసే చోటే కలవాలి. గోడ సరిగ్గా మధ్యలో తగిలించాలంటే స్కేలుతో సగం కొలవకండి. గోడ నాలుగు మూలలకు రెండు కర్ణాలు గీయండి, అవి ఖండించుకున్న చోటే అసలు మధ్య. దూరం పోయే గోడలో ఆ మధ్య మీరనుకున్నదానికంటే అవతలికి ఉంటుంది.

సోఫా, బీరువా లాంటి వస్తువులు ఈ రెండింటికీ మధ్యస్థం. వాటి గీతలు గది గీతలతో ఒకే బిందువులో కలవాల్సిన అవసరం లేదు, సోఫాను వంకరగా వేసుకోవచ్చు కదా. కానీ ఆ బిందువు గది కంటి మట్టం మీదే ఉండి తీరాలి. కొద్ది తేడా ఉంటే 2014లో ఫొటోషాప్‌లోకి వచ్చిన పర్‌స్పెక్టివ్ వార్ప్ సరిచేస్తుంది.

పైకి చూసిన ఫోటోలు

హైదరాబాదు వెళ్లనివారిని కూడా చార్మినార్ ముందు నిలబెట్టమంటారు. 1591లో కట్టిన ఆ కట్టడం చాలా ఎత్తు. దగ్గర నుంచి మొత్తం పట్టించాలంటే కెమెరాను పైకి ఎత్తాల్సిందే, అప్పుడు మినార్లు లోపలికి వాలతాయి. ఫోనును నిటారుగా పట్టుకుని తీసిన మనిషిని అక్కడ పెడితే, వెనక కట్టడం వాలుతోంది, ముందు మనిషి నిక్కచ్చిగా నిలబడ్డాడు. అట్ట బొమ్మలా ఉంటుంది. దీనికి మందు మనిషి దగ్గర లేదు, కట్టడం దగ్గర ఉంది. కెమెరా రాలో జామెట్రీ భాగంలో నిలువు గీతలను నిటారు చేయండి. కొంత అంచు పోతుంది, అందుకే చుట్టూ చోటు వదిలి తీసిన ఫోటో ఎంచుకోవాలి. ఇంకా మంచి దారి, వీధి చివర దాకా వెనక్కి వెళ్లి తీసిన చార్మినార్ ఫోటోతో మొదలుపెట్టడం.

పోయినవాళ్ల పాత ఫోటో

ఇక్కడ కొత్త ఫోటో తీయించే అవకాశం లేదు. ఉన్నది స్టూడియోలో తీసిన సగం ఫోటో, కొన్నిసార్లు రేషన్ కార్డు కోసం దిగిన చిన్న ఫోటో. పూర్తి నిలువెత్తు మనిషిని తయారు చేయాలని ఒత్తిడి చేస్తారు. వేరొకరి శరీరానికి ఆయన తల పెట్టి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఇంట్లోవాళ్లు ఆయన భుజాలను కూడా గుర్తుపడతారు.

ఆయన్ని వెనక వరుసలో, ఇద్దరి మధ్య, ఛాతీ నుంచి పైకి కనిపించేలా పెట్టండి. పాదాల చోటు అంచనా వేసి సెంటీమీటరుకు పిక్సెల్‌లు లెక్కగట్టండి. గడ్డం నుంచి నడినెత్తి వరకు పెద్దవాళ్ల తల సుమారు 22, 23 సెంటీమీటర్లుంటుంది. 8.67 పిక్సెల్‌ల చోట తల సుమారు 200 పిక్సెల్‌లు రావాలి. పక్కనున్నవాళ్ల తలలతో పోల్చి సరిచూడండి.

తర్వాత ముఖం వాలు చూడాలి. తల నిటారుగా ఉండి కెమెరా ముఖం ఎత్తులో ఉంటే చెవి పైఅంచు కనుబొమ్మల వరసలో ఉంటుంది. కెమెరా కింద నుంచి చూస్తే చెవులు కళ్లతో పోలిస్తే దిగినట్టు, పై నుంచి చూస్తే ఎక్కినట్టు కనిపిస్తాయి. పక్కవాళ్ల చెవులు ఎలా ఉన్నాయో ఆయన చెవులూ అలాగే ఉన్న ఫోటోను ఎంచుకోండి. ఇంట్లో ఐదారు పాత ఫోటోలుంటే అన్నీ తెప్పించుకోండి. వాళ్లకు ఇష్టమైన ఫోటోకంటే ఆల్బమ్ చివర ఎక్కడో ఉన్న ఫోటో సరిపోవచ్చు.

నీడ

నీడ నేల మీద పడుకున్న మనిషి, దానికీ పర్‌స్పెక్టివ్ ఉంది. ఎండలో తీసిన ఫోటోలో ఇప్పటికే ఉన్న ఇద్దరి నీడలను పొడిగించండి. అవి కంటి మట్టం మీద ఒక బిందువు దగ్గర కలుస్తాయి. ఎండ సరిగ్గా పక్క నుంచి పడితే మాత్రం కలవకుండా సమాంతరంగా పోతాయి. కొత్త మనిషి పాదాల నుంచి నీడ ఆ బిందువును అనుసరించే పోవాలి. మనిషి ఆకారాన్ని కాపీ చేసి, నలుపు నింపి, డిస్టార్ట్ అనే టూల్‌తో నేల మీదికి వంచండి. ఇది పలక పని కాబట్టి ఇక్కడ ఆ టూల్ సరైనదే. పాదాల దగ్గర పదునుగా, దూరం పోయేకొద్దీ మసకగా చేయండి.

హాల్లో తీసిన ఫోటోకు ఇంత అవసరం లేదు. బూటు అడుగున, నేలకు ఆనుకున్న చోట సన్నటి చీకటి గీత ఒక్కటి ఉంటే మనిషి నిలబడతాడు. అది లేకపోతే లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా తేలుతాడు. రంగు, పదును, గ్రెయిన్ (ఫోటోలోని సన్నటి గరుకు) కలపడం ఇక మామూలు పనే, అవి అందరికీ తెలిసినవే.

చివరి చూపు

ఫోటోను అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తిప్పి చూడండి. అలవాటైన కన్ను దాటేసిన తప్పు అప్పుడు బయటపడుతుంది. రంగు తీసేసి నలుపు తెలుపులో చూడండి. గోళ్లంత చిన్నది చేసి చూడండి, ఎవరో ఒకరు ముందుకు దూకినట్టు కనిపిస్తే ఆ మనిషి పరిమాణం తప్పు. ఒక రాత్రి వదిలేసి పొద్దున మళ్లీ తెరవండి. అన్నీ అయ్యాక, కంప్యూటర్ వాసన తెలియని పెద్దవారికి ఎవరికైనా చూపించి, ఏమీ చెప్పకుండా వాళ్ల ముఖం చూడండి. ఎవరి మీద చూపు ఆగిందో అక్కడికి తిరిగి వెళ్లండి.

ఇచ్చేసిన తర్వాత ఎర్ర గీతల లేయర్‌ను చెరిపేయకండి. దాన్ని కనిపించకుండా ఆపి, లేయర్లతో సహా ఫొటోషాప్ ఫైలు (పీఎస్‌డీ)గానో గింప్ ఫైలుగానో దాచండి. కెమెరా ఎత్తు 150, దూరం 22 అడుగులు, వెలుగు ఎడమ నుంచి అని ఫైలు పేరులోనే రాసుకోండి. ఏడాది తిరిగేసరికి అదే తల్లి మళ్లీ ఫోను చేస్తుంది, ఈసారి పెద్దకోడలిని కూడా ఆ ఫోటోలో నిలబెట్టాలని.